తొలకరి ఏ నెలలో?

జనగామ రైతుకు తొలకరి అంటే ఏమిటో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రోహిణి ఎండలు దాటి మృగశిర చొచ్చాక దుక్కి తడిపే మొదటి వాన అది. నెల జూన్. తెలుగు బైబిల్లో ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయంలోనూ, యాకోబు పత్రిక 5వ అధ్యాయంలోనూ ఇదే మాట ఉంది: తొలకరి వాన, కడవరి వాన. వినేవాడికి వెంటనే జూన్ నల్లమబ్బు, వెనకాల అక్టోబరు జల్లు కళ్ల ముందుకొస్తాయి. కాని ఆ పుస్తకం పుట్టిన పాలస్తీనాలో ఎండాకాలమంతా చుక్క పడదు. వాళ్ల తొలకరి అక్టోబరు చివర, నవంబరులో. అప్పుడు గోధుమ, యవలు చల్లుతారు. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో వచ్చి కంకి నింపుతుంది. మన వరి కోతకొచ్చే రోజుల్లో వాళ్లు విత్తనం సంచి భుజాన వేసుకుంటారు.

అనువాదకుడు తప్పు చేశాడా? చేయలేదు. విత్తనం వేయించే మొదటి వాన తొలకరే, ఏ దేశంలోనైనా. ఒప్పు చేశాడా? నెల మారిపోయింది, ఆకాశం మారిపోయింది. రైతు ఓపిక మాత్రం చెక్కుచెదరకుండా దాటి వచ్చింది. బైబిలు చదవడం, దానికి అర్థం చెప్పడం అనే పెద్ద ప్రశ్న మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉందనిపిస్తుంది నాకు.

ఈ ప్రశ్న మీద ప్రపంచంలో గ్రంథాలయాల కొద్దీ రాశారు. అక్షరార్థమా, ఆధ్యాత్మికార్థమా, రాసిన కాలపు చరిత్ర ముందా, చదివేవాడి బతుకు ముందా, సంఘం చెప్పినట్టు చదవాలా, ఆత్మ నడిపినట్టు చదవాలా. ఈ తగాదాలన్నీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకూ వచ్చాయి గాని, ఒక తేడాతో వచ్చాయి. ఇక్కడ బైబిలును కన్ను కంటే చెవి ఎక్కువ చదివింది. ఒకరు చదివి వినిపిస్తే పదిమంది విన్నారు, చదవలేని వాళ్లు పాటగా నేర్చుకున్నారు. అందుకని ఇక్కడ వ్యాఖ్యాన సిద్ధాంతం కంటే ముందు రెండు ప్రశ్నలు నిలబడతాయి. చదివి వినిపించేది ఎవరు? విన్నవాళ్లు తిరిగి అడగొచ్చా?

పుస్తకం ఏ తెలుగులో వచ్చిందో ముందు చూడాలి. జర్మన్ లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్‌జ్ 1727-32 మధ్య మద్రాసులో బైబిలును తెలుగు చేశాడు. అది అచ్చు కాలేదు. ఆయన తెలుగు చిన్న పుస్తకాలు మాత్రం 1746-47లో జర్మనీలోని హాలెలో అచ్చయ్యాయి. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజ్‌లకు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. 1812లో మూడు సువార్తలు సేరంపూర్‌లో అచ్చయ్యాయి, 1854 నాటికి బైబిలు మొత్తం తెలుగులోకి వచ్చింది. తర్వాత ఎన్ని దిద్దుబాట్లు జరిగినా ఆ తెలుగు సముద్రపు ఒడ్డు తెలుగు, పండితుల తెలుగు. నిజాం ఇలాకా మాట అందులో దాదాపు లేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉంది, సంస్కృతం బరువు దింపి జాను తెనుగులో ద్విపదలో చెప్పాలని పట్టుబట్టిన పాల్కురికి సోమనాథుడి ఊరు. దాని పక్కనే బమ్మెర, భాగవతాన్ని తెలుగు చేసిన పోతన ఊరు. ఒక మతగ్రంథం పామరుడి నోట ఆడాలంటే ఏం చేయాలో ఏడెనిమిది వందల ఏళ్ల నాడే తేల్చుకున్న నేల ఇది. ఆ నేల మీదికి బైబిలు వచ్చినప్పుడు ‘యొక్క’లతో, ‘యుండెను’లతో వచ్చింది. అయినా జనం దాన్ని కాదనలేదు సరికదా, ఆ గ్రాంథికాన్నే పవిత్ర భాషగా పట్టుకున్నారు. బైబిల్ సొసైటీ సరళమైన వాడుక భాషలో తెచ్చిన అనువాదం అందుబాటులో ఉన్నా, పల్లె మందిరాల్లో బల్ల మీద కనిపించేది పాతదే. ప్రార్థన చేసేటప్పుడు మాట మామూలు తెలంగాణ యాసలో మొదలై రెండో వాక్యానికల్లా గ్రాంథికంలోకి ఎక్కుతుంది. దీన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. నేను చేయను. కొత్తగా గౌరవం దక్కిన మనిషి పట్టుబట్ట కట్టుకున్నట్టు అది. కాకపోతే పట్టుబట్టతో పొలంలోకి దిగలేం.

పాత అనువాదం కొన్నిచోట్ల అసాధ్యమైన పని చేసింది. గ్రీకులో ‘మెటానోయా’ అంటే మనసు తిరగడం. తెలుగులో ‘మారుమనస్సు’ అన్నారు, అంతకంటే మంచి మాట లేదు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేను ‘పరిచారకురాలు’ అన్నారు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో సంఘపు హోదాగా వచ్చేది కూడా ‘పరిచారకులు’ అన్న మాటే, గ్రీకులోనూ మాట ఒకటే. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదం ఒకచోట సేవకురాలు అని, ఇంకోచోట డీకన్ అని రాసి దాచిన సంగతిని తెలుగు దాచలేదు. ఆడవాళ్లు వాక్యం చెప్పొచ్చా అని వాదించే అయ్యగార్లు (పాస్టర్లు) ఆ రెండు పుటలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

కొన్నిచోట్ల తిరకాసు పెట్టింది. కానా పెళ్లిలో యేసు నీళ్లను ‘ద్రాక్షారసం’ చేశాడు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో ‘మద్యం’తో మత్తులు కావద్దని పౌలు అన్నాడు. గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట, ‘ఓయినోస్’. కల్లు లేకుండా పుట్టుక గాని చావు గాని గడవని ఊళ్లలో తాగుడు మానడమే మారుమనస్సుకు మొదటి గుర్తు. అలాంటి చోట యేసు చేసింది పండ్లరసమనీ, పౌలు వద్దన్నది సారా అనీ తెలుగు చెవికి సాఫీగా దిగిపోతుంది. అనువాదమే వ్యాఖ్యానం చేసేసింది, అదీ వినేవాడికి తెలియకుండా. తాగుడు మాన్పించడం మంచిపనే. దానికి కానా పెళ్లిని సాక్ష్యానికి పిలవనక్కర్లేదు.

ఇప్పుడు డోర్నకల్‌కు రావాలి. మానుకోట (మహబూబాబాద్) జిల్లాలో రైలు జంక్షను ఊరు. అక్కడ దిగి నడిస్తే గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపాన్ని తలపించే స్తంభాలతో ఎపిఫనీ కతీడ్రల్ కనిపిస్తుంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దాన్ని కట్టించిన వేదనాయగం సామ్యూల్ అజరయ్య తెలుగువాడు కాదు, తిరునెల్వేలి తమిళుడు. 1903లో పుట్టిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ డోర్నకల్ ప్రాంతాన్ని పని చోటుగా ఎంచుకుంది. అజరయ్య 1909లో గురువుగా అభిషేకం పొంది ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న పోయేవరకు ఇక్కడే ఉన్నాడు. ఆయన కాలంలో ఆ డయోసిస్ రెండు లక్షల మందికి పైగా పెరిగింది. ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వాళ్లు, అక్షరం రానివాళ్లు.

అక్షరం రానివాడికి బైబిలు నేర్పడం ఎలా? అజరయ్య దీనికి చెప్పిన జవాబు నాకు ఆయన కట్టించిన గుడి కంటే గొప్పగా తోస్తుంది. ఊరికొక ఉపదేశి, వీలైతే భార్యతో సహా శిక్షణ పొందినవాడు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి రావాలి. కథలు పాటగా, భజనగా, ఆటగా చెప్పాలి. వీటన్నిటికంటే పెద్దది బాప్తిస్మం నాటి ఒక మాట. బాప్తిస్మం తీసుకునే ప్రతి మనిషి తన చెయ్యి తన తల మీద పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన మాటను తన మాటగా పలకాలి. ఆలోచించండి. నిన్నటిదాకా ఊరి బయట నిలబడి ఇతరులు చదివేది దూరం నుంచి కూడా వినకూడదన్న మనిషి, ఇవాళ నేను చెప్పకపోతే తప్పు నాది అంటున్నాడు. చదవడం రాకముందే వ్యాఖ్యాత అయిపోయాడు. వ్యాఖ్యాన శాస్త్రం (హెర్మెన్యూటిక్స్) పాఠ్యపుస్తకాల్లో ఈ అధ్యాయం ఉండదు, ఉండాలి.

ఈ పద్ధతికి లోటు కూడా ఉంది. కంఠతా వచ్చిన దాన్ని ప్రశ్నించడం కష్టం. ఉపదేశి నేర్పిన అర్థమే అర్థమైంది. ఉపదేశి పోయి అయ్యగారు వచ్చినా అలవాటు మిగిలింది: వాక్యం చెప్పేది ఒకరు, ఆమేన్ అనేది మిగతావాళ్లు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది, డోర్నకల్ అందులో కలిసింది. 1964లో బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టాయి, తర్వాత అది హైదరాబాదుకు మారింది. అక్కడ మోషే ఐదు కాండాలు ఎన్ని చేతుల మీదుగా కూర్పు అయ్యాయో, నాలుగు సువార్తలకు ఒకదానితో ఒకదానికి బంధమేమిటో చదువుకుంటారు. చదువుకుని పల్లెకు వచ్చిన అయ్యగారు ఆ నోట్సు పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. సంఘం తట్టుకోలేదని ఆయన భయం. ఆ భయంలో కొంత జాలి, కొంత చిన్నచూపు ఉన్నాయి. ఉపమానంలో ఆవగింజ మొలిచి పెద్ద చెట్టు కావడం ఏమిటని నవ్వుకునే రైతు, కథకు కథ లెక్క వేరే ఉంటుందని పట్టుకోగలిగిన రైతు, ఆదికాండంలో రెండు సృష్టి కథలు ఉన్నాయంటే కుప్పకూలిపోతాడా?

జనగామ వైపు దారి వేరు. అక్కడ పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషను. నల్లగొండ, సూర్యాపేట, జనగామ స్టేషన్లలో ఆ మిషను కింద రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు పనిచేశారు. జర్మన్ మాట్లాడే రష్యా రైతులు అమెరికా సంఘం నీడలో నిజాం రాజ్యంలో తెలుగు బైబిలు చెప్పారు. బాప్టిస్టు పట్టు ఒకటే: పుస్తకం ముందు బిషప్ లేడు, ప్రతి విశ్వాసీ తనే చదివి తేల్చుకోవాలి. మాట బాగుంది. చదువు రాని ఊళ్లో అది తిరిగి తిరిగి మళ్లీ చదువొచ్చిన ఒక్కడి దగ్గరికే చేరింది.

కతోలికుల దారిలో ఇంకో రకం భద్రత. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది, పని ఎక్కువగా ఇటలీ పీమే మిషనరీ సంఘం గురువులది. వాళ్ల బైబిల్లో 73 పుస్తకాలు, మిగతావాళ్ల బైబిల్లో 66. 1965లో రెండో వాటికన్ సభ విశ్వాసులందరి చేతికీ గ్రంథం అందాలని చెప్పింది. 1993లో పోపు నియమించిన బైబిలు సంఘం వ్యాఖ్యాన పద్ధతులన్నిటినీ ఒక్కొక్కటిగా తూచి, చారిత్రక పరిశోధన తప్పనిసరి అనీ, అక్షరం పట్టుకు వేలాడే మౌలికవాదం ప్రమాదమనీ తేల్చింది. పూదోట జోజయ్య లాంటి గురువులు తెలుగులో భాష్యాలు రాశారు. అన్నిటికంటే నాకు నచ్చేది ఒక మామూలు ఏర్పాటు: మూడేళ్ల చక్రంలో ఏ ఆదివారం ఏ భాగం చదవాలో ముందే రాసి ఉండటం. తనకు నచ్చిన వచనం మీదే ప్రతి వారం వాలే అవకాశం ఫాదర్‌కు ఉండదు.

1950 నుంచి హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా భక్త్‌సింగ్ (1903-2000) సహవాసాలు ఈ జిల్లాల్లోకీ పాకాయి. పంజాబు సిక్కు ఇంట పుట్టినవాడు, మోకాళ్ల మీద బైబిలు చదివినవాడు. ఆ సంఘాల్లో ప్రత్యక్షపు గుడారం కొలతలు, లేవీయకాండం పండుగలు, ప్రతి కొక్కెం, ప్రతి తెర క్రీస్తుకు ఛాయ. బైబిలు మొత్తాన్ని ఒకే నేతగా చూసే అలవాటు అక్కడ సామాన్య స్త్రీకి కూడా వచ్చింది, అది చిన్న విషయం కాదు. గుడారపు మేకు కూడా సొంతంగా ఏమీ కాకుండా దేనికో గుర్తుగానే మిగిలిపోవడం అందులోని చిక్కు. అంతకుముందే, 1938లో ముంగమూరి దేవదాసు బైబిలు మిషను మొదలుపెట్టాడు. అక్కడ పుస్తకం పక్కన సన్నిధిలో కనిపెట్టడం, దేవుడు నేరుగా బయలుపరచడం కూడా ఉన్నాయి. వీటి తర్వాత పెంతెకొస్తు సంఘాలు, సొంత మందిరాలు. ఇవాళ ఒక్క మండల కేంద్రంలోనే ఇన్ని రకాల చదువులు పక్కపక్కన, ఒకదాని మైకు ఇంకోదానికి వినిపించేటంత దగ్గరగా ఉన్నాయి.

కాగితం మీద ఈ జనం తక్కువ. 2011 లెక్కల్లో తెలంగాణ క్రైస్తవులు వందకు ఒకరి కంటే కొంచెం ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది, ఇక్కడ బీసీ-సీలోకి వెళ్తాడు. లంబాడా, కోయ మతం మారినా ఎస్టీగానే ఉంటారు. కాబట్టి ఆదివారం బైబిలు పట్టుకున్న చెయ్యి సోమవారం ఇంకో సర్టిఫికెట్ పట్టుకుంటుంది. ఒప్పుకోలు మీద, సాక్ష్యం మీద వచ్చే వచనాలను ఈ మనిషి ఎలా వింటాడు? ప్రసంగాల్లో ఈ ఊసే రాదు. వ్యాఖ్యానమంటే గ్రీకు మాటల అర్థమే అనుకున్నంత కాలం రాదు కూడా.

జనగామలోనే ఇంకో మాట ఉంది. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఐగుప్తు అధికారులు ఇశ్రాయేలీయులతో చేయించిన పనికి పాత అనువాదం వాడిన మాట ‘వెట్టిపనులు’. అనువాదకుడు విశాఖలోనో మద్రాసులోనో కూర్చుని ఆ మాట వేశాడు. అది విస్నూరు దేశ్‌ముఖ్ ఇలాకాలో ఎలా మోగాలి? 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది ఆ వెట్టి మీద తిరగబడిన పోరులోనే. పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం నిలబడింది ఆ దొర మీదనే. ఆ రోజుల్లో పల్లెల్లో ‘సంఘం’ అంటే ఆంధ్ర మహాసభ. మందిరంలో ‘సంఘం’ అంటే ఎక్లేసియా. గ్రీకు ఎక్లేసియా కూడా మొదట్లో ఊరి పౌరులు కూడి నిర్ణయాలు చేసే సభే! ఇంత దగ్గరగా వచ్చిన రెండు సంఘాలు మాట్లాడుకుని ఉంటే తెలుగు బైబిలు వ్యాఖ్యానం ఇంకో రకంగా ఉండేది. మిషను కాంపౌండు గోడ ఎత్తు తక్కువేం కాదు.

ఆ పని ముప్పై అయిదేళ్లు ఆలస్యంగా బయట మొదలైంది. 1981లో బెంగళూరులో అరవింద్ పి. నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతం దారి తొక్కింది. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో, తన పూర్వీకుడు ఊరూరా తిరిగిన అరామీయుడని ఒప్పుకుని, తమ బాధ, తమ మొర, తమ విడుదల చెప్పే భాగాన్ని ఆయన దళితుల చరిత్రగా చదివాడు. తెలుగులో అంతకుముందే గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ను పద్యాల్లో రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దాన్ని కావ్యమని మెచ్చుకుంటాం. సువార్తల మీద ఒక దళిత కవి చేసిన వ్యాఖ్యానంగా చదివినవాళ్లు తక్కువ.

విడుదల కథను పట్టుకుని భూపాలపల్లి అడవుల్లోకి వెళ్తే అది ఎదురు తిరుగుతుంది. నిర్గమం తర్వాత యెహోషువ వస్తుంది. ఐగుప్తు నుంచి తప్పించుకున్నవాళ్లు కనానుకు వచ్చి అక్కడివాళ్ల నేల స్వాధీనం చేసుకుంటారు. అమెరికా ఆదివాసీ పండితుడు రాబర్ట్ వారియర్ 1989లో ఇదే అన్నాడు: మా జనం ఈ కథలో ఇశ్రాయేలీయులు కారు, కనానీయులు. బొగ్గు గనులు వచ్చి, బయటివాళ్లు వచ్చి, పోడు భూమికి పట్టా కోసం తిరిగే కోయ మనిషి యెహోషువ గ్రంథం వింటే ఎవరి పక్కన నిలబడతాడు? యెరికో గోడలు కూలడాన్ని సండే స్కూల్లో చప్పట్లు కొడుతూ పాడిస్తాం. గోడ లోపల ఉన్నవాళ్ల వైపు నుంచి ఒక్కసారైనా చదివి చూడాలి.

భాష సంగతి కూడా ఇక్కడే తేలాలి. మానుకోట జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, అందులో లంబాడాలే ఎక్కువ. కోయ భాష మీద 19వ శతాబ్దంలోనే దుమ్ముగూడెంలో చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషనరీ జాన్ కెయిన్ పనిచేశాడు. లంబాడీలో కొత్త నిబంధన ఉంది. అయినా తండాలో ప్రసంగం తెలుగులోనే సాగుతుంది. వెనక వరసలో ఒక ఆడమనిషి పక్కనున్న ముసలామెకు గోర్ బోలీలో, అంటే లంబాడీలో, గుసగుసగా తిప్పి చెబుతుంది. ఆ గుసగుసే ఆ పూట జరిగిన అసలైన అనువాదం. అది ఎవరూ రికార్డు చేయరు.

ఈ జిల్లాల్లో నిజంగా వేడెక్కే వ్యాఖ్యాన సమస్య రెండేళ్లకోసారి మాఘ పున్నానికి, మేడారం జాతరతో వస్తుంది. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లిలోనిదే. సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయొచ్చిన మేనత్త ‘బంగారం’ పంపుతుంది, అంటే గద్దెల మీద పెట్టిన బెల్లం. యాట కోసిన వాటా కూర పంపుతుంది. క్రైస్తవుల ఇంట్లో తినాలా, వద్దా? మందిరంలో జవాబు సిద్ధంగా ఉంటుంది: ముట్టొద్దు. కొరింథులో సరిగ్గా ఇదే గొడవ వచ్చింది, పౌలు మూడు అధ్యాయాలు దానికే పెట్టాడు. చదివితే ఆయన జవాబు అంత సిద్ధంగా లేదు. విగ్రహం వట్టిదే అంటాడు. గుడి విందులో కూర్చోవద్దంటాడు. అంగట్లో అమ్మే మాంసం ఆరా తీయకుండా తినమంటాడు. ఎవరైనా విందుకు పిలిస్తే వెళ్లి, పెట్టింది తినమంటాడు. ఇది బలి ఇచ్చింది అని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమంటాడు. అంటే ప్రశ్న బెల్లం గురించి కాదు, పక్కనున్న మనిషి గురించి. ఇప్పుడు ఆ మనిషి ఎవరు? కొత్తగా బాప్తిస్మం తీసుకుని బెల్లం చూస్తే పాత భయాలు లేచే తమ్ముడా? వాటా తిరగ్గొడితే ఆడబిడ్డకు పుట్టింటి గడప మూసుకుందని ఏడ్చే మేనత్తా? పౌలు మొదటివాడిని తలచుకుని రాశాడు. మేనత్తను తలచుకుని రాయాల్సింది ఇక్కడివాళ్లే. నా మట్టుకు ఆ కూర తినొచ్చనే అంటాను. కాదనే అయ్యగారితో కూర్చుని అధ్యాయం అధ్యాయం చదవడానికి కూడా సిద్ధమే.

దీంట్లోనే ఇంకో మాట దాక్కుంది. ‘అన్యజనులు’. మందిరాల్లో ఈ మాట పొరుగు హిందువుకు పేరైపోయింది. పౌలు పత్రికల్లో అన్యజనులంటే యూదులు కానివాళ్లు, అంటే జనగామ బాప్టిస్టు, డోర్నకల్ సి.ఎస్.ఐ., కాజీపేట కతోలికుడు, అందరూ. ‘మనమే అన్యజనులం’ అని ఒక్క ఆదివారం గట్టిగా చెప్పి చూస్తే సగం పత్రికలు కొత్తగా వినిపిస్తాయి. మేనత్తతో తగాదా కూడా కొంత చల్లారుతుంది.

డిసెంబరు 31 రాత్రి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. అర్ధరాత్రి ఆరాధన అయ్యాక పళ్లెంలో చీటీలు పెడతారు, ఒక్కొక్కరు ఒక్కో ‘వాగ్దానం’ తీసుకుంటారు. ఏడాదంతా అదే. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వస్తే ఇంట్లో పండగ, మంచి భవిష్యత్తు రాసిపెట్టి ఉందని. ఆ వచనానికి ముందున్నదాన్ని చదివితే డెబ్బై ఏళ్లు అని ఉంటుంది. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరు ఇప్పట్లో తిరిగి రారు అని. రెండేళ్లలో అంతా బాగైపోతుందని వాగ్దానం చేసింది దాని ముందు అధ్యాయంలో ఉన్న హనన్యా. యిర్మీయా అతన్ని అబద్ధ ప్రవక్త అన్నాడు. చీటీ తీసుకునేవాళ్లను నేను తప్పుపట్టను. పత్తి ధర పడిపోయి, కూలి దొరకక, పిల్ల ఫీజు కట్టాల్సిన ఇంట్లో ఒక మంచి మాట కావాలి. అధ్యాయాల అంకెలు 13వ శతాబ్దంలోవి, కొత్త నిబంధన వచనాల అంకెలు 1551లో పెట్టినవి. పుస్తకాన్ని చీటీలుగా చింపడానికి వీలిచ్చింది ఆ అంకెలే అనుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు ఫోన్‌లో పొద్దున్నే రంగుల బొమ్మ మీద వచనం వస్తుంది, ఒక్కటి, ముందూ వెనకా లేకుండా. యూట్యూబ్‌లో ప్రసంగీకుడు వచ్చాక అయ్యగారికీ పోటీ వచ్చింది. విన్నవాళ్లు తిరిగి అడిగే వీలు మాత్రం అందులో అంతకంటే తక్కువ.

తిరిగి అడిగే చోటు ఒకటి ఎప్పటినుంచో ఉంది, ఇంటి కూడిక. రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో చాప పరుస్తారు. ఇరవై మంది ఉంటే పదిహేను మంది ఆడవాళ్లు, తల మీద కొంగు. బల్ల ఉండదు, మైకు ఉండదు. దక్షిణ ఆఫ్రికాలో గెరాల్డ్ వెస్ట్ పల్లె జనంతో కలిసి చదివే పద్ధతి ఒకటి తయారుచేశాడు. దానికి ముందు నికరాగువా దీవుల్లో ఎర్నెస్టో కార్డెనాల్ జాలర్లు, రైతులు సువార్తల మీద చెప్పిన మాటలను పుస్తకంగా తెచ్చాడు. మానుకోట వాకిట్లో అలాంటిది పుట్టాలంటే పైనుంచి తేవాల్సిందేమీ లేదు, చదివే మనిషి చదివాక కాసేపు ఊరుకుంటే చాలు.

విత్తువాడి ఉపమానం చదివితే ప్రశ్న వచ్చి తీరుతుంది. మత్తయి 13వ అధ్యాయం: కొన్ని గింజలు దారి మీద, కొన్ని రాతి నేల మీద, కొన్ని ముళ్లలో, కొన్ని మంచి నేలలో. అయ్యగారి అర్థం తెలిసిందే, నేలలంటే నాలుగు రకాల మనసులు. మిరప నాటి, పత్తి గింజ ఒక్కొక్కటి లెక్కపెట్టి వేసిన చెయ్యి మాత్రం ఇంకోటి అడుగుతుంది. గింజ అంత అగ్గువనా? దారి మీద పడేటట్టు అలుకుతడా ఎవడన్న? జర్మన్ పండితుడు యోవాఖిమ్ యెరెమియాస్ దీనికి జవాబు చెప్పాడు: అక్కడ ముందు చల్లి తర్వాత దున్నుతారు, జనం నడిచిన కాలిబాట కూడా దుక్కిలోకి వస్తుంది, కాబట్టి వాడు తెలివితక్కువవాడు కాడు. తర్వాతి పండితులు కొందరు అంత ఖాయంగా చెప్పలేమన్నారు. ఇంకొందరు, విత్తేవాడి దుబారానే కథలో అసలు సంగతి అన్నారు. మూడూ చాప మీద పెట్టి చూడొచ్చు. అప్పుడు మూలన కూర్చున్న ముసలామె అడగబోయేది ఏ వ్యాఖ్యానంలోనూ మొదటి పుటలో ఉండదు.

‘గింజ సరే బిడ్డా, వాళ్లకు తొలకరి ఏ నెలల వడ్తది?’